చిన్న చెడ్డీయా, పొడుగు బర్ముడాయా: నీళ్ళలోకి దిగే మగవాళ్ళ కోసం

బరంపురం నుంచి సుమారు పదిహేను కిలోమీటర్లు వెళ్తే గోపాలపూర్ సముద్ర తీరం వస్తుంది. ఆదివారం సాయంత్రం అక్కడ అలల్లోకి దిగిన మగవాళ్ళను ఒక పావుగంట గమనిస్తే, ఈత దుస్తుల విషయంలో మనవాళ్ళ మనసులో ఏముందో చాలావరకు తెలిసిపోతుంది. కొందరు జీన్సు ప్యాంటును మోకాళ్ళ దాకా మడుచుకుని ఉంటారు. కొందరు మోకాలు దాటిన బర్ముడాలతో, కొందరు నడుముకు గావంచా చుట్టుకుని, మరికొందరు ఇంట్లో ప్యాంటు కింద వేసుకునే డ్రాయరుతోనే నీళ్ళలో మునిగి తేలుతూ ఉంటారు. ఈత కోసమే కుట్టిన చిన్న చెడ్డీ వేసుకున్నవాడు కనిపించడం అరుదు. కనిపించాడంటే మాత్రం ఒడ్డున మిరపకాయ బజ్జీలు తింటున్నవాళ్ళ చూపు కూడా అతని మీదికే వెళ్తుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. తడిసిన నూలు డ్రాయరు గాని, తడిసి ఒంటికి అతుక్కున్న పలుచని గావంచా గాని దాచగలిగేది చాలా తక్కువ. నల్లని ఈత చెడ్డీ అంతకంటే చిన్నదే అయినా చూపుకు అంతకంటే ఎక్కువే దాస్తుంది. అయినా డ్రాయరుతో దిగినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు, ఈత చెడ్డీతో దిగినవాణ్ణి చూసి నవ్వుతారు. నాకు తోచిన కారణం ఒక్కటే. డ్రాయరుతో దిగితే అది అవసరం కొద్దీ దిగినట్టు, దుకాణానికి వెళ్ళి డబ్బు పెట్టి చెడ్డీ కొనుక్కుని దిగితే అది షోకు చేసినట్టు. మన మగవాళ్ళు సిగ్గుపడేది గుడ్డ తక్కువైనందుకు కాదు, దానిని కావాలని ఎంచుకున్నట్టు పదిమందికీ తెలిసినందుకు. ఈ సంగతి ముందుగా మనసుకు ఎక్కితే, ఏ నీటికి ఏ దుస్తు వేసుకోవాలన్నది సులభంగానే తేలుతుంది.

మన తాతలు ఏం కట్టారు

చిన్న గుడ్డతో నీళ్ళలోకి దిగడం మనకు బయటినుంచి వచ్చిన అలవాటు కాదు. మొలతాడుకు ముందూ వెనకా దోపుకునే గోచీతో చెరువులోకి దూకినవాళ్ళే మన తాతలందరూ. గోపాలపూర్ తీరంలో వేటకు వెళ్ళే తెలుగు మత్స్యకారులను ఒడియావాళ్ళు నోళియాలు అంటారు. వాళ్ళలో పాతతరం పెద్దలు తెప్పను అలల మీదికి నెట్టేటప్పుడు కట్టింది గోచీయే. పొద్దుటి నుంచీ ఉప్పునీటిలో నానే మనిషికి తొడలకు అడ్డం తగలని, నీరు పట్టి బరువెక్కని గుడ్డ కావాలి, గోచీ సరిగ్గా ఆ పనే చేస్తుంది. తాలింఖానాలో సాము చేసేవాళ్ళు లంగోటీ బిగించేదీ ఇందుకే. ఈనాటి ఈత చెడ్డీ చేసే పని అదే, గుడ్డ మాత్రం మారింది, మొలతాడుకు బదులు ఎలాస్టిక్ వచ్చింది.

ఆ గోచీ ఎప్పుడు నామోషీ అయిందంటే, నిక్కరు వేసుకోవడం బడికి వెళ్ళినవాడికి గుర్తుగా మారినప్పుడు. ఆ తరువాత పెరిగిన తరానికి మోకాళ్ళు కప్పుకోవడమే పెద్దమనిషి తరహా అయింది. మా చిన్నాన్న గారు బరంపురంలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేశారు. ఆయన మడుగులో ఈత నేర్చుకున్నది గోచీతోనే, కాని ఉద్యోగంలో చేరిన తరువాత ఒక్కసారి కూడా మోకాళ్ళు కప్పే గుడ్డ లేకుండా నీళ్ళలో దిగలేదు. కారణం అడిగితే, ‘‘ఆఫీసువాళ్ళెవరైనా చూస్తే?’’ అన్నారు. ఇంతకీ ఆఫీసువాళ్ళు ఆ మడుగు ఛాయలకు ఏనాడూ వచ్చినవాళ్ళు కారు.

బయటి దేశాల్లో కూడా ఇదే తగువు

ఈ సంకోచం మనకే ఉందనుకోనవసరం లేదు. 1930ల దాకా పాశ్చాత్య దేశాల్లో చాలాచోట్ల మగవాళ్ళు కూడా ఛాతీ కప్పే బనియను వంటి ఈత దుస్తులే వేసుకోవాలి, వేసుకోకపోతే కొన్ని తీరాల్లో పోలీసులు పట్టుకునేవారు. 1960ల మొదట్లో ఆస్ట్రేలియాలో పీటర్ ట్రావిస్ అనే రూపకర్త స్పీడో కంపెనీ కోసం నడుము మీద కాక తుంటి ఎముకల మీద నిలిచే చిన్న చెడ్డీని రూపొందించాడు. ఈతగాడి కాలు, నడుము ఎటు తిరిగినా గుడ్డ అడ్డం రాకూడదన్నది దాని వెనక ఉన్న ఆలోచన. తరువాత ఆ కంపెనీ పేరే ఆ ఆకారానికి పేరైపోయింది. ఆస్ట్రేలియావాళ్ళు దానికి పెట్టుకున్న ముద్దుపేరు ‘బడ్జీ స్మగ్లర్’, అంటే చెడ్డీలో చిలుకను దాచి దొంగతనంగా తీసుకుపోయేవాడు అని. వేళాకోళంలో వాళ్ళు మనకేమీ తీసిపోరు.

అమెరికాలో అలల మీద పలక వేసుకుని తిరిగే కుర్రకారు వాడిన పొడుగు నిక్కరు క్రమంగా అందరికీ వాడుక అయ్యి, చిన్న చెడ్డీ అంటే పోటీల ఈతగాళ్ళకో ముసలివాళ్ళకో తగినదనే భావం స్థిరపడింది. ఫ్రాన్సులో వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. అక్కడి ప్రభుత్వ ఈత కొలనుల్లో చాలావాటిలోకి వదులు నిక్కరుతో రానివ్వరు, ఒంటికి అంటుకుని ఉండే చెడ్డీయే వేసుకోవాలి. వదులు నిక్కరుతో వీధిలో తిరిగి, బల్లల మీద కూర్చుని, ఆ దుమ్మూ చెమటా మోసుకుని అదే నిక్కరుతో నీళ్ళలో దిగుతారని వాళ్ళు చెప్పే కారణం. ఒక దేశంలో సభ్యత కోసం వేసుకునే గుడ్డను ఇంకో దేశంలో గుమ్మం దగ్గరే ఆపేస్తున్నారంటే, సభ్యతను సెంటీమీటర్లలో కొలవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

పోటీల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 2008, 2009 సంవత్సరాల్లో ఒళ్ళంతా కప్పే ప్లాస్టిక్ వంటి పదార్థపు సూట్లు వచ్చి, 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో ఏకంగా 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. అందుకని 2010 జనవరి నుంచి మగవాళ్ళ సూటు బొడ్డుకు పైకి గాని, మోకాలికి కిందికి గాని పోకూడదని, నేసిన గుడ్డతోనే ఉండాలని నిబంధన పెట్టారు. అప్పటినుంచి పెద్ద పోటీల్లో ఈదేవాళ్ళు ఎక్కువగా మోకాలి పై దాకా బిగుతుగా ఉండే జామర్ వేసుకుంటున్నారు. ఎత్తునుంచి దూకే డైవర్లు, నీటిలో బంతి ఆట ఆడేవాళ్ళు మాత్రం ఇప్పటికీ చిన్న చెడ్డీలోనే కనిపిస్తారు. డైవరుకు నడుము మడవడంలో గుడ్డ అడ్డం రాకూడదు, బంతి ఆటగాడికి ఎదుటివాడు పట్టుకుని లాగడానికి గుడ్డ దొరకకూడదు. వీళ్ళలో ఎవరూ సిగ్గు లెక్కలు చూసుకుని దుస్తులు ఎంచుకోలేదు, పని ఏమిటో చూసుకుని ఎంచుకున్నారు.

దుకాణంలో ఏ పేరుతో అడగాలి

మన ఊళ్ళ ఆటసామాన్ల దుకాణాల్లో అన్నింటికీ కలిపి ‘స్విమ్మింగ్ కాస్ట్యూమ్’ అనేస్తారు, కాబట్టి ఆకారం చెప్పి అడగడం మంచిది. తొడల దగ్గర వాలుగా కోసి, పక్కన గుడ్డ వెడల్పు నాలుగు వేళ్ళకు అటూ ఇటూగా ఉండేది బ్రీఫ్. దుకాణదారుకు ‘వి-కట్’ అంటే తొందరగా అర్థమవుతుంది. తొడ మొదలు దగ్గర అడ్డంగా కోసి, పొట్టి నిక్కరులా ఉంటూనే ఒంటికి అంటుకునేది ట్రంక్. మోకాలి పై దాకా సైకిలు నిక్కరులా ఉండేది జామర్. వదులుగా, లోపల జాలీ లైనింగుతో, నడుముకు నాడాతో ఉండేది ఈత నిక్కరు. మోకాలిని దాటి, లైనింగు లేకుండా, జేబులతో ఉండే బర్ముడాలో చాలావరకు ఈత కోసం కుట్టినవి కావు, అవి సాయంత్రం కిళ్ళీకొట్టు దాకా నడిచి వెళ్ళడానికి కుట్టినవి.

కొత్తగా నేర్చుకునే మగవాడికి, అందులోనూ చిన్న చెడ్డీ అంటే గుండె జారిపోయేవాడికి, నేను చెప్పేది ట్రంక్ గాని జామర్ గాని కొనమనే. బిగుతుగా ఉంటుంది కనుక నీటిలో అడ్డం రాదు, తొడ కప్పి ఉంటుంది కనుక మనసుకు నెమ్మదిగా ఉంటుంది. బ్రీఫ్‌కు రావలసిన రోజు దానంతటదే వస్తుంది, రాకపోయినా కొంపేమీ మునగదు.

కొలను ఒక లెక్క, సముద్రం ఒక లెక్క

కొలనులో ఈత నేర్చుకునేవాడు వదులు బర్ముడా వేసుకుంటే జరిగేది ఇది. గోడను కాళ్ళతో తన్ని ముందుకు దూకగానే నిక్కరు కాళ్ళలోకి నీరు చొరబడి, గుడ్డ బూరెలా ఉబ్బుతుంది. మోకాళ్ళ దగ్గర రెండు సంచులు కట్టుకుని ఈదినట్టే ఉంటుంది. పోటీలకు సాధన చేసే ఈతగాళ్ళు కొందరు కావాలనే వదులు నిక్కరును చెడ్డీ మీద తొడుక్కుని ఈదుతారు, నీటి అడ్డును పెంచుకుని కండను గట్టిపరచుకోవడానికి. వాళ్ళు శిక్షగా వేసుకునే దానిని మనవాళ్ళు మొదటిరోజే వేసుకుని, పది గజాలకే రొప్పుతూ, ఈత తమ వల్ల కాదని ఇంటికి పోతారు. కనుక కొలనుకు బ్రీఫ్, ట్రంక్, జామర్ అనే మూడింటిలో ఏదో ఒకటి. కొలను నిర్వాహకులు నూలు గుడ్డను వద్దనడానికి వేరే కారణం కూడా ఉంది. నూలు పీచు వదులుతుంది, రంగు వదులుతుంది, ఆ పీచు పోయి ఫిల్టరులో చిక్కుకుంటుంది. చెమటా మురికీ క్లోరిన్‌తో కలిసినప్పుడే కళ్ళు మండించే ఆ ఘాటు వాసన పుడుతుంది, కాబట్టి ఏ చెడ్డీ వేసుకున్నా దిగే ముందు ఒంటి మీద నీళ్ళు పోసుకోవడం తప్పనిసరి.

సముద్రం దగ్గర నా మాట మారుతుంది. గోపాలపూర్‌లో ఒడ్డు తొందరగా లోతుకు దిగుతుంది, అల ఒడ్డు మీదనే విరిగి పడుతుంది. కొన్నేళ్ళ కిందట నేను కొత్తగా కొన్న బర్ముడాతో అక్కడ దిగాను. రెండు పక్కల జేబులు, వెనక ఒక జేబు, నడుముకు వట్టి ఎలాస్టిక్, నాడా లేదు. నడుము లోతులో నిలబడి ఒడ్డున ఉన్న మా బావతో ఏదో చెబుతుండగా వెనక నుంచి అల కొట్టింది. అల వెనక్కి పోయేటప్పుడు జేబుల్లో నిండిన ఇసుకా నీరూ కలిసి బర్ముడాను మోకాళ్ళ దాకా ఈడ్చుకుపోయాయి. రెండు చేతులతో దానిని పట్టుకుని పైకి లాగుతూ ఉంటే రెండో అల వచ్చి కూర్చోబెట్టింది. ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన నవ్వు ఆపుకుంటూ, ‘‘బావూ, సంద్రంలోకి జేబులెందుకు? మొల బిగించుకుని దిగాలి’’ అన్నాడు. చిన్న చెడ్డీ వేసుకుంటే పరువు పోతుందని నేను పొడుగు బర్ముడా కొన్నాను, పరువు పోయింది దానివల్లనే.

అందుచేత సముద్రానికి కావలసినది లోపల నాడా ఉన్న దుస్తు. అది ఈత నిక్కరైనా సరే, తొడ సగానికి మించకుండా ఉండాలి, నాడా రెండు ముళ్ళు వేసుకోవాలి, జేబు ఉంటే అది జాలీతో కుట్టినదై నీరు వెంటనే కారిపోవాలి. జామర్ ఇక్కడ కూడా బాగుంటుంది, ఇసుక తొడల మధ్యకు చేరి ఒరుసుకోకుండా కాపాడుతుంది. రంగు గురించి పట్టించుకునేవాళ్ళు తక్కువ గాని, పట్టించుకోవలసిందే. నీలం, బూడిద, లేత ఆకుపచ్చ రంగులు నీటిలో కలిసిపోతాయి. నారింజ, ముదురు పసుపు, ఎర్ర గులాబీ వంటి రంగులు దూరం నుంచి కూడా కనిపిస్తాయి. కొలనులో నలుపు మర్యాద, సముద్రంలో మెరిసే రంగు ప్రాణరక్షణ.

పర్లాకిమిడి దగ్గర మహేంద్రతనయ, గుణుపురం దగ్గర వంశధార, రాయగడ దగ్గర నాగావళి, ఈ నదుల్లో దిగేవాళ్ళకు అడుగున రాళ్ళు తగులుతాయి కాబట్టి తొడ కప్పే బిగుతు దుస్తు మేలు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి: లుంగీతో గాని, పంచెతో గాని, చుట్టుకున్న గావంచాతో గాని లోతు నీటికి పోకూడదు. తడిసిన లుంగీ రెండు కాళ్ళనూ కట్టేసినట్టు చుట్టుకుంటుంది, ఈత వచ్చినవాడు కూడా అప్పుడు కాలు ఆడించలేడు. స్నానఘట్టంలో మోకాలి లోతున మునగడానికి గావంచాను మించినది లేదు, ఈతకు మాత్రం అది పనికిరాదు.

గుడ్డను చేతితో పట్టి చూడాలి

ఆకారం కంటే గుడ్డ ముఖ్యమని చాలామందికి తట్టదు. సాధారణ గాలిలో ఎండుగా ఉన్న నూలు తన బరువులో వందకు ఎనిమిదిన్నర వంతుల దాకా తేమ పట్టి ఉంటుంది. నైలాన్‌లో అది నాలుగు వంతుల చిల్లర, పాలియెస్టర్‌లో అర వంతుకు కూడా తక్కువ. గాలిలోనే ఇంత తేడా ఉంటే నీళ్ళలో మునిగాక నూలు నిక్కరు ఎంత బరువెక్కుతుందో, ఎంతసేపటికి ఆరుతుందో ఊహించుకోవచ్చు. బిగుతు చెడ్డీల్లో సాగే గుణం ఇచ్చేది ఇలాస్టేన్ అనే దారం. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన ఆ దారానికి లైక్రా అనే వ్యాపార నామం ఉంది. దానికి క్లోరిన్ అంటే పడదు. వారంలో నాలుగు రోజులు కొలనుకు వెళ్ళేవాళ్ళు చీటీ మీద పాలియెస్టర్, పీబీటీ (ఇదీ ఒక రకం పాలియెస్టరే) అని ఉన్న గుడ్డ తీసుకుంటే అది క్లోరిన్‌కు ఎక్కువకాలం నిలుస్తుంది. నెలకు ఒకసారి సముద్రానికి పోయేవాళ్ళకు నైలాన్, ఇలాస్టేన్ కలిసిన మెత్తని గుడ్డ సరిపోతుంది.

తెలుపు, లేత పసుపు, లేత గులాబీ రంగుల జోలికి పోవద్దు. ఎండు గుడ్డలో దారాల మధ్య ఉన్న గాలి వెలుతురును చెల్లాచెదరు చేయడం వల్ల గుడ్డ తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. తడిసినప్పుడు ఆ గాలి ఉన్న చోట నీరు నిండి, వెలుతురు నేరుగా లోపలికి పోతుంది, గుడ్డ గాజులా అవుతుంది. గావంచా విషయంలో జరిగేదీ అదే. దుకాణంలోనే గుడ్డను రెండు చేతులతో సాగదీసి, వెనక అరచేయి పెట్టి చూస్తే, వేళ్ళు కనిపిస్తున్నాయో లేదో తెలుస్తుంది. ముందుభాగం లోపల రెండో పొర గుడ్డ కుట్టి ఉండాలి, లేనిదానిని వదిలేయాలి.

కొలత కోసం దర్జీ టేపును బొడ్డు దగ్గర కాక, రెండంగుళాల కింద, తుంటి ఎముకల మీద చుట్టాలి. చాలామంది ప్యాంటు కొలతే చెప్పి ఒక సైజు పెద్దది తెచ్చుకుంటారు. నీళ్ళలో నానితే ఈత గుడ్డ కొంచెం వదులవుతుంది, అందుచేత పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగువుగా అనిపించినదే సరైన సైజు. ఎలాస్టిక్ కింద రెండు వేళ్ళు దూరాలి, నాలుగు దూరితే పెద్దదైనట్టు. వేసుకున్నాక గొంతుకు కూర్చోవాలి, లేచి రెండు చేతులూ పైకెత్తాలి, ఒక్కో మోకాలిని పొట్టకు ఆనించి చూడాలి. ఈ మూడింటిలో ఎక్కడా జారకుండా, తొడ సందులో కోయకుండా ఉంటే డబ్బు ఇవ్వవచ్చు. ఈత దుస్తులను చాలా దుకాణాలవాళ్ళు వెనక్కి తీసుకోరు, అందుకని లోపలి డ్రాయరు మీదే తొడిగి చూసుకోవడం ఇద్దరికీ మర్యాద.

సిగ్గు తీరే విధానం

మా మేనల్లుడికి పదమూడో ఏట ఈత తరగతిలో చేర్పించాము. శిక్షకుడు బ్రీఫ్ తెమ్మన్నాడు. తెచ్చిన రోజున వాడు గదిలో తలుపు వేసుకుని అరగంట దాకా బయటికి రాలేదు. ‘‘మావయ్యా, ఇది వేసుకుంటే అందరూ నవ్వుతారు’’ అన్నాడు లోపలినుంచి. నవ్వరని నేను అబద్ధం చెప్పలేదు. ‘‘నవ్వితే నవ్వుతార్రా, ఎంతసేపు నవ్వుతారో లెక్కపెట్టుకుని నాకు చెప్పు’’ అన్నాను. సాయంత్రం వచ్చి, తనతోపాటు ఇంకో పదకొండు మంది అలాంటివే వేసుకుని ఉన్నారని, నీళ్ళలోకి దిగాక ఎవరికీ ఏమీ కనిపించలేదని చెప్పాడు. కొలను నీటిలో నడుము కింద ఏముందో పక్కవాడికి సరిగ్గా తెలియదు. సిగ్గు ఉండేదల్లా దుస్తుల గది నుంచి నీటి అంచు దాకా ఉన్న ఆ ఇరవై అడుగుల్లోనే.

ఆ ఇరవై అడుగులను దాటడానికి ఉపాయం మన దగ్గరే ఉంది. గావంచాను నడుముకు చుట్టుకుని నడవాలి, అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాక దానిని తీసి పక్కన మడిచి పెట్టాలి, ఆ వెంటనే దిగాలి. తిరిగి ఎక్కేటప్పుడు మొదట చేయి వేయవలసింది దాని మీదే. అంచున నిలబడి చెడ్డీని పదేపదే సర్దుకోవడం, చేతులు ముందుకు కట్టుకుని నిలబడడం వంటివి చేస్తే చూడనివాళ్ళు కూడా చూస్తారు. నాడాను గదిలోనే కట్టుకుని, కొసలను లోపలికి తోసుకుని బయటికి రావాలి.

పొట్ట ఉన్నవాళ్ళకు ఇంకో బెంగ. వదులు నిక్కరు బొజ్జను దాస్తుందని అనుకుంటారు గాని, దాచదు. తడిసిన వదులు గుడ్డ పొట్ట కింద ముడతలు పడి దానిని ఇంకా ఎత్తి చూపుతుంది. వెడల్పాటి ఎలాస్టిక్ ఉన్న ముదురు రంగు ట్రంక్ పొట్ట కిందుగా స్థిరంగా నిలిచి, చూడడానికి కూడా పొందికగా ఉంటుంది. ఈ మాట అద్దం ముందు నిలబడి రెండింటినీ వేసుకుని చూసి చెబుతున్నాను.

మొలతాడు ఉన్నవాళ్ళు దానిని ఎలాస్టిక్ కిందికి తోసుకోవాలి. చిన్న చెడ్డీ తుంటి మీద నిలుస్తుంది కాబట్టి తాడు పైకి కనిపిస్తుంది. కనిపించినా నష్టమేమీ లేదు గాని, దానికి తాయెత్తు గాని, తాళంచెవి గాని కట్టి ఉంటే లోపలి జాలీలో చిక్కుకుని గుడ్డను చింపుతుంది. వెండి మొలతాడైతే ఇంట్లో తీసి పెట్టి రావడమే మంచిది, క్లోరిన్ నీటికి వెండి నల్లబడుతుంది.

కుటుంబంతో తీరానికి వెళ్ళేవాడి ఇబ్బంది వేరు. అత్తగారు, వదినలు, పిల్లలు ఒడ్డున కూర్చుని ఉండగా అల్లుడుగారు బ్రీఫ్‌తో అలల్లోకి పరుగెత్తడం మన ఇళ్ళలో కుదరని పని, కుదరాలని నేను పట్టుబట్టను కూడా. అలాంటి రోజుకు తొడ సగం దాకా వచ్చే నాడా నిక్కరు పెట్టుకోవాలి, లోపల బ్రీఫ్ వేసుకుంటే జాలీ లైనింగు ఒరుసుకోదు. సాధన కోసం కొలనుకు వెళ్ళే రోజున మాత్రం అత్తగారి లెక్క కొలనుకు తీసుకెళ్ళకూడదు. ఈ రెండు దుస్తులూ బీరువాలో పక్కపక్కన ఉండడమే నాకు తెలిసిన పరిష్కారం.

ఒంటికీ, గుడ్డకీ

తడి దుస్తుతోనే గోపాలపూర్ నుంచి బస్సెక్కి బరంపురం దాకా వచ్చేయడం మనవాళ్ళకు అలవాటు. గజ్జల్లో తామర పుట్టేది అలాంటి తడిలోనే. చెడ్డీ చిన్నదైనా పెద్దదైనా, ఒడ్డెక్కగానే మంచినీళ్ళతో కడుక్కుని, గజ్జలు పొడిగా తుడుచుకుని, పొడి బట్ట కట్టుకోవాలి. తొడలు ఒరుసుకునేవాళ్ళు సముద్రానికి వెళ్ళే ముందు కొంచెం వాజలీను రాసుకుంటే మంట ఉండదు. కొలనుకు వెళ్ళేటప్పుడు మాత్రం నూనెలూ జిడ్లూ రాసుకోవద్దు. చిన్న చెడ్డీ వేసుకునేవాడు ఎన్నడూ ఎండ చూడని తొడలను ఎండకు పెడుతున్నాడు, కనుక మధ్యాహ్నపు ఎండను తప్పించుకోవాలి.

గుడ్డను కాపాడుకోవడం సులభం. ఇంటికి రాగానే చల్లని మంచినీళ్ళలో రెండుమూడు సార్లు ముంచి తీయాలి, సబ్బు వేస్తే మెత్తనిది కొంచెమే వేయాలి. చాకిరేవు బండ మీద ఉతికినట్టు బాదకూడదు, మెలితిప్పి పిండకూడదు. తువ్వాల్లో చుట్టి అదిమితే నీరు దానికే పోతుంది. నీడలో ఆరవేయాలి, ఇస్త్రీ పెట్టె చూపించకూడదు. కొలను అంచున ఉన్న గరుకు సిమెంటు మీద కూర్చుని జరగడం కంటే గుడ్డకు హాని చేసేది ఇంకొకటి లేదు, అక్కడ కూడా మడిచిన గావంచాయే ఆదుకుంటుంది.

నెలకు ఒకసారి చెడ్డీని కిటికీ వెలుతురుకు ఎత్తి, కూర్చునే భాగాన్ని రెండు చేతులతో సాగదీసి చూడాలి. గుడ్డ మధ్య నుంచి సన్నని తెల్లని రబ్బరు దారాలు తెగి పైకి లేస్తున్నా, వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తున్నా దాని పని అయిపోయినట్టే. వేసుకున్నవాడికి వెనకవైపు కనిపించదు, వెనక నడిచేవాళ్ళు మొహమాటానికి చెప్పరు. మా బావ అలా రెండు నెలలు తిరిగాడు.